వాచ్‌మెన్ బావి

భూగర్భ జలాల శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చూసి చెప్పడం నా పని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలలో నడిచేవాళ్లకూ నాకూ ఉన్న తేడా ఒక్కటే: నాకు నెలనెలా జీతం వచ్చేది. వాళ్ల చేతిలో కొబ్బరికాయ, నా చేతిలో మీటరు. ఆ మీటరుకు నాలుగు ఇనప కడ్డీలుండేవి. వాటిని నేలలో దిగ్గొట్టి కరెంటు పంపిస్తే, కింద ఎంత లోతున రాయి ఉంది, ఎక్కడ తడి ఉంది అన్నది అంకెల్లో కొంత తెలిసేది. మిగతాది ఊహ. ఆ రెండో మాట మేం ఎవరికీ చెప్పేవాళ్లం కాదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనబడినప్పుడల్లా, "సార్, మీ సర్వీసులో మీరు చూపించిన గొప్ప పాయింటు ఏది?" అని అడుగుతుంటారు. గొప్ప పాయింట్ల గురించి చెప్పడానికి ఏముంటుంది? నీళ్లు పడ్డాయి, దండ వేశారు, టీ తాగి వచ్చేశాం. నేను చూపించనన్న పాయింటు ఒకటుంది. చెబితే దాని గురించే చెప్పాలి.

హైదరాబాదు సాగర్ రోడ్డు వెంట ఇబ్రహీంపట్నం దాకా పాకివస్తున్న రోజులవి. ఆదిభట్ల, రావిర్యాల వైపు కంపెనీలు వస్తున్నాయన్న మాటకే చేలన్నీ ప్లాట్లయిపోతున్నాయి. పోయిన ఏడు జొన్న కోసిన చోట ఈ ఏడు హద్దురాళ్లు పాతి ఉండేవి. ప్రతి వెంచరు బోర్డు మీదా ఒక ఫౌంటెన్ బొమ్మ ఉండేది. ఆ ఫౌంటెన్‌కు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే మాత్రం మా ఆఫీసు దారి చూపించేవారు.

ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డుకు కాస్త లోపలికి నలభై ఇళ్ల కాలనీ ఒకటి వచ్చింది. మొదటి బోరుకు పాయింటు చూపించింది నేనే. బోరు బండి దిగిన రోజున నేను అక్కడే ఉన్నాను. రాతి పొడి ఎగిరి ఎగిరి, ఒక్కసారిగా నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. ఇంకా ఇళ్లు పూర్తికాని వాళ్లు కూడా వచ్చి ఆ నీళ్లలో తడిశారు. ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. ఆ ఫొటో ఒకటి చాలాకాలం మా ఇంట్లో టీవీ పక్కన ఉండేది.

తర్వాత అయిదేళ్లలో అదే కాలనీకి ఇంకో మూడు పాయింట్లు చూపించాను. ప్రతిసారీ ముందటిదానికంటే లోతు. ప్రతిసారీ నీళ్లు ముందటికంటే సన్నం. అయిదోసారి చూపించిన చోట బండి పొద్దంతా తవ్వినా గోధుమపిండి లాంటి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ పొడి ఇళ్ల కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద, నా తల మీద పడింది. ఆ రోజు దండ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నెల తిరక్కుండా ఆరో పాయింటు కోసం మళ్లీ దరఖాస్తు వచ్చింది. ఎండలు ముదిరాయి. ట్యాంకర్లు వస్తున్నాయి, ట్యాంకరు దగ్గర ఇరుగుపొరుగు తిట్టుకుంటున్నారు. ఒక కుటుంబం అయితే ఇంటికి తాళం వేసి, మళ్లీ సిటీలో అద్దె ఇంటికి వెళ్లిపోయింది. కాలనీ సెక్రటరీ ఒక నర్సు. సిటీలో పెద్ద దవాఖానలో డ్యూటీ చేసి, బస్సు దిగి, ఇంటికొచ్చి బకెట్లు లెక్కపెట్టుకునే మనిషి. ఆమె ఫోన్లో ఒకటే మాట అన్నది: "సార్, ఈసారి ఎంత లోతైనా సరే. మాకు నీళ్లు గావాలె."

నా వెంట ఒక సహాయకుడుండేవాడు. యాచారం మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. కడ్డీలు దిగ్గొట్టేదీ తీగలు లాగేదీ అతనే. ఆఫీసులో అతను నా కింది ఉద్యోగి, బయట నేను అతన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. లోతు ఎక్కువ చూడాలంటే తీగ ఎక్కువ దూరం లాగాలి. ఆ రోజు కాలనీ లోపల జాగా చాలక, అతను చివరి కడ్డీ పట్టుకుని ప్రహరీ గోడ సందులోంచి అవతలికి వెళ్లాడు. కాసేపటికి అక్కణ్ణుంచి కేక వేశాడు.

"సారూ, జర ఇటు రాండ్రి. ఈడ బాయి ఉన్నది."

వెళ్లి చూశాను. రాతి కట్టడపు పెద్ద వ్యవసాయ బావి. ఒక పక్క లోపలికి దిగడానికి మెట్లు. మూడు వంతులు చెత్తతో నిండి ఉంది. రంగు డబ్బాలు, థర్మాకోల్, పగిలిన టైల్సు, ఒక విరిగిన కమోడు. ఇళ్లు కట్టినప్పుడు మిగిలిందంతా గోడ మీంచి అందులోకే పారబోసినట్టున్నారు.

తీగను పశువులు తొక్కకుండా చూస్తానని కాలనీ వాచ్‌మెన్ మా వెనకే వచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. మా జీపు వచ్చినప్పుడల్లా గేటు తీసి, చెయ్యెత్తి నమస్తే చెప్పేవాడు. అంతకుమించి అతని గురించి నాకేమీ తెలియదు. అడగలేదు కూడా.

"ఎవరిదీ బావి?" అన్నాను.

"నాదే సారు."

"నీదా?"

"అవ్. ఈ బాయి, దీని ఎంబడి రెండెకరాలు. కాలనీ కింద పోయిన భూమి మా పాలోళ్లది, అన్నదమ్ములది. నేను అమ్మలే. బాయి ఉన్నదిగదా, ఏం ఫికర్ అనుకున్న."

"ఎప్పుడు ఎండింది?"

అతను వంగి మెట్ల వైపు చూశాడు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నాకు అప్పుడు తోచలేదు.

"మీరు మొదటిపారి వచ్చిన్నాడు దీంట్ల నీళ్లు ఎనిమిదో మెట్టు మీదున్నయ్ సారు. రెండో బోరు ఏసినంక అడుక్కు పోయినయ్. మూడోది ఏసినంక ఊటనే బందయింది. వరి పోయింది, కూరగాయ పోయింది. ఇగ ఏం జేస్త? కాలనీవోళ్లు వాచ్‌మెన్ గావాలంటే వచ్చిన."

గొంతులో కోపం లేదు. ఎండకాలం ఎండకాలంలాగే ఉంది అన్నట్టు చెప్పాడు. నా సహాయకుడు కడ్డీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను మీటరు వైపు చూశాను. అందులో ఏవో అంకెలు కనబడుతున్నాయి, రాసుకోలేదు.

మర్నాడు ఆఫీసులో పాత సర్వే పుస్తకాలు దించాను. ఏ పాయింటు చూపించినా చుట్టుపక్కల ఉన్న బావుల్లో నీటి మట్టం కొలిచి రాయాలి, అది మా నియమం. తర్వాతి సర్వేల్లో ఆ గడి ఖాళీ, మొదటి సర్వే పేజీలో మాత్రం ఆ బావి ఉంది. దూరం, మెట్లు, నీటి మట్టం, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. పక్కన ఒక వాక్యం: "దగ్గర్లోని బావిలో నీరు సమృద్ధిగా ఉన్నందున బోరు విజయవంతం కాగలదు."

అంటే ఆ బావిని నేను చూశాను. చూసి, అక్కడ నీళ్లున్నాయనడానికి సాక్ష్యంగా వాడుకున్నాను. అది ఒక మనిషిదని, ఆ నీళ్లతో ఒక పొలం పండుతోందని నా పుస్తకంలో రాసే గడి లేదు. గడి లేదు కాబట్టి నేనూ తలకెక్కించుకోలేదు.

మా ప్రాంతపు నేల సంగతి రెండు మాటల్లో చెబుతాను. పైన కొన్ని నిలువుల లోతు వరకు పుచ్చిన రాయి, మొరం ఉంటుంది. వాన నీళ్లు నిలిచేది అక్కడే. దాని కింద గట్టి రాయి, అందులో అక్కడక్కడా పగుళ్లు. బోరులో మనకు దొరికేది ఆ పగుళ్లలో దిగిన పై నీళ్లే. కింద వేరే సముద్రమేమీ లేదు. నలభై ఇళ్ల కప్పుల మీద, సిమెంటు రోడ్ల మీద పడ్డ వాన కాలవలో పడి వెళ్లిపోతుంటే, పైపొర నిండేది లేదు. మేం మాత్రం కింది నుంచి పీలుస్తూనే ఉన్నాం. ఇదంతా నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. తెలియక చేసిన తప్పు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున పాయింటు గుర్తు పెట్టాలి. మామూలుగా సుద్దపిండితో నేల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో రాయి పెడతాం. నేను వెళ్లేసరికే బోరు బండి గేటు బయట నిలబడి ఉంది. కాలనీ వాళ్లంతా పోగయ్యారు. సెక్రటరీ నర్సమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా బైబిలు సంచి ఉంది.

"సార్, ఎక్కడ?" అన్నది.

"ఎక్కడా కాదు," అన్నాను. "ఇక్కడ నేను పాయింటు ఇవ్వను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆఫీసుకు ఫిర్యాదు చేస్తామని ఒకరు, వేరేవాళ్లను పిలుచుకుంటామని ఒకరు. బోరు బండి డ్రైవరు, నాతో ఎన్నో చోట్ల పనిచేసినవాడు, క్యాబిన్ మీంచి వంగి, "ఏంది సారూ, పొద్దుగాల్నే మా పొట్ట మీద కొడుతున్నవ్?" అన్నాడు.

నేను మాటకారిని కాను. సర్వే పుస్తకం వెంట తెచ్చాను. ఆ పేజీ తీసి నర్సమ్మ చేతికిచ్చాను. ఆమె పైకి చదివింది. "ఈ బాయి ఎవరిది?" అని అడిగింది.

"మీ గేటు దగ్గర కూర్చుంటాడు," అన్నాను.

అందరూ గేటు వైపు తిరిగారు. అతను బండికి దారి ఇవ్వడానికి గేటు రెండు రెక్కలూ తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతమంది తన వైపే చూసేసరికి ఏదో తప్పు చేశాననుకుని గబగబా చెప్పులు విడిచాడు.

నర్సమ్మ అతని దగ్గరికి వెళ్లింది. అప్పటిదాకా ఆ కాలనీలో అందరూ అతన్ని వాచ్‌మెన్ అనే పిలిచేవాళ్లు. ఆమె, "కాకా, ఇన్నేండ్లు ఎందుకు జెప్పలే?" అని అడిగింది.

"ఎవరు అడిగిండ్రమ్మా?" అన్నాడు.

ఆ మాట తర్వాత గోల తగ్గింది. నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. బావిలో చెత్త తీయాలి. నలభై కప్పుల మీద పడే వాన పైపుల్లోంచి ఆ బావిలోకి మళ్లించాలి. బావి నిండితే పైపొర నిండుతుంది, పైపొర నిండితే బోర్లకు కొంత ప్రాణం వస్తుంది. ఈ ఎండాకాలం గడవదు, వచ్చే ఎండాకాలం గడవవచ్చు. గ్యారంటీ ఇవ్వను.

"అయిదు పాయింట్లకు గ్యారంటీ ఇచ్చిండ్రు గదా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"బాయి కాకది. కాక ఒప్పుకోవాలె," అన్నది నర్సమ్మ.

అతను విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. "నాకు రెండు మాటలున్నయ్. బాయిల ఏసిన చెత్త ఏసినోళ్లే తియ్యాలె, కూలోళ్లతోని కాదు. ఇగ నీళ్లొస్తే నా రెండెకరాల్ల అద్దెకరమన్న తడువాలె. గంతే."

బోరు బండి వెనక్కి తిరిగింది. దాన్ని తిప్పడానికి చోటు చాలక పావుగంట పట్టింది. ఆ పావుగంటా డ్రైవరు నన్నే చూస్తూ తిప్పాడు.

చెత్త తీయడం మూడు ఆదివారాలు పట్టింది. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, టీచర్లు, బట్టల దుకాణం ఆయన, అందరూ దిగారు. కమోడు పైకి వచ్చినప్పుడు అది ఎవరింటిదో రంగును బట్టి తెలిసిపోయింది. ఆయనే దాన్ని భుజాన మోసుకుని పోయాడు. పూడిక అడుగుకు వెళ్లాక, లోతు పని తెలిసిన మేస్త్రిని మాత్రం పిలిచాం. పైపులు వేయించాం. మిరుగు, అదే మృగశిర కార్తె, చొచ్చిన వారానికి మంచి వాన పడింది. నర్సమ్మ ఫోన్ చేసి, "సార్, బాయిల నీళ్లు పడుతున్నయ్!" అని అరిచింది.

మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

వెళ్లేసరికి బావిలో బూడిదరంగు నీళ్ల మీద సబ్బు నురగ తేలుతోంది. వాసన. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు మా వాచ్‌మెన్. అతనికి కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి, చివరిసారి కూడా.

"ఎండిపోయినా బాయి బాయి లెక్కనే ఉండె సారు. ఇప్పుడు మురికి మోరీ చేసిండ్రు."

తప్పు నాది. బతుకంతా కిందినుంచి నీళ్లు తీయడమే గాని పైనుంచి దించడం నేనెప్పుడూ చేయలేదు. కప్పుల మీది దుమ్ము, సిమెంటు, పిట్టల రెట్ట మొదటి వానకు కొట్టుకొస్తాయని, వాటిని బయటికి వదిలేయాలని, తర్వాతి నీళ్లను ఇసుక, కంకర గుంటలోంచి వడగట్టి పంపాలని కాగితం మీద రాశాను. వానలు దగ్గర పడ్డాయన్న తొందరలో, ఆ గుంట తర్వాత తవ్వుకోవచ్చులే అన్నాను. ఆ "తర్వాత" బావిలో తేలుతోంది.

కానీ సబ్బు నురగ కప్పుల మీంచి రాదు. ఏదో ఇంటి బట్టల మెషిన్ నీళ్లు వాన పైపులో కలిశాయి. ఏ ఇంటిదో ఎవరూ ఒప్పుకోరు. ఒకరి మీద ఒకరు అనుమానాలు మొదలయ్యాయి. ఇంకో రెండు రోజులైతే మళ్లీ ట్యాంకరు దగ్గరి తిట్లే. అప్పుడు నా సహాయకుడు తల గోక్కుంటూ, "నీలిమందు పోద్దాం సారు," అన్నాడు.

ఒక్కో ఇంటికీ వెళ్లి, బట్టల మెషిన్ నీళ్లు పోయే పైపులో నీలిమందు కలిపిన బకెట్ నీళ్లు పోసేవాడు. నేను, వాచ్‌మెన్ బావి దగ్గర పైపు చివర చూసేవాళ్లం. పదకొండు ఇళ్లు అయ్యాయి, ఏమీ రాలేదు. పన్నెండో ఇంటికి పైపులోంచి నీలం ధార కట్టింది. వాచ్‌మెన్ కేక వేశాడు: "దొరికింది! ఎవరిల్లు?"

అది నర్సమ్మ ఇల్లు. ప్లంబరు తొందరలో రెండు పైపులూ కలిపేశాడు, ఆమెకు తెలియదు. నేనైతే ప్లంబరు మీదికి నెట్టి ఊరుకునేవాణ్ణి. ఆమె అలా చేయలేదు. సాయంత్రం అందరినీ పిలిచి, "నా ఇంటి నీళ్లే. తప్పు నాదే. రేపు సెలవు పెట్టి పైపు విడదీయిస్త, బాయి తోడిపిస్త," అన్నది. తర్వాత ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. మర్నాడు ఇంకో ఇద్దరు తమ పైపులు కూడా చూడమని వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఒకటి నిజంగానే కలిసి ఉంది.

ఈసారి గుంట ముందు తవ్వాం. పెద్ద రాళ్లు, కంకర, ఇసుక. పైపుకు ఒక వాల్వు. మొదటి వాన బయటికి, తర్వాతి వానలు బావికి. వాల్వు ఎవరు తిప్పాలన్న చర్చే రాలేదు. మబ్బు పట్టగానే వాచ్‌మెన్ గొడుగు తీసుకుని అక్కడ నిలబడేవాడు. అరచేతిలో నీళ్లు పట్టి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని అప్పుడు తిప్పేవాడు. నీళ్ల పరీక్ష మా ల్యాబులో చేయించాలని నేను చెబితే, "చేయించుండ్రి. నేనూ జూస్త," అన్నాడు.

ఆ వానాకాలం అంత గొప్పది కాదు. అయినా ఒక్కో మెట్టూ మునిగింది. వాచ్‌మెన్ ఏ మెట్టు మీద నీళ్లున్నాయో గేటు పక్కన గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఆఫీసులకు పోయేవాళ్లు అది చూసి పోయేవాళ్లు. చూడగా చూడగా ఇళ్లలోనూ మార్పు వచ్చింది. పైపు పట్టి కార్లు కడగడం మానేశారు. వడపోత మెషిన్ వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకున్నారు. ఎవరి ట్యాంకు పొంగినా ఇతను గేటు దగ్గర్నుంచే ఆ ఇంటివాళ్లను పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపు నలభై ఇళ్లకూ వినబడేది, అందుకే ఎవరి ట్యాంకూ రెండోసారి పొంగేది కాదు.

వచ్చిన ఎండాకాలం ట్యాంకర్లు పూర్తిగా బందు కాలేదు. వారానికి ఒకటి వచ్చేది. కాని చచ్చిపోయిందనుకున్న మూడో బోరు పొద్దున గంటసేపు పోసింది. తాళం వేసి వెళ్లిన కుటుంబం తిరిగొచ్చింది. నాకు దండ ఎవరూ వేయలేదు. పై అధికారి మాత్రం, ఒక కాలనీకి పాయింటు నిరాకరించినందుకు సంజాయిషీ అడిగాడు. సర్వే పుస్తకం పేజీ జతచేసి పంపాను. దానికి జవాబు రాలేదు.

ఆ తర్వాతి ఏడాది వాచ్‌మెన్ ఉద్యోగం మానేశాడు. గేటుకు కొత్త మనిషి వచ్చాడు. "బాయిల నీళ్లున్నంక నేను గేటు కాడ కూసునుడేంది?" అన్నాడట మానేస్తూ. వాల్వు తిప్పడం మాత్రం నర్సమ్మకు నేర్పి వెళ్లాడు, నాలుక మీద వేసుకునే పద్ధతితో సహా.

నేను రిటైరయ్యే ముందు ఒకసారి ఆ దారిన వెళ్తూ పొలం దగ్గర ఆగాను. అరెకరంలో పాలకూర, టమాట, పక్కనే బంతి నాటాడు. అతను పార పట్టుకుని మడులకు నీళ్లు మళ్లిస్తున్నాడు. ఎన్నాళ్లనుంచో నా నోట్లో ఒక మాట ఉండిపోయింది. ఆదివారం అందరి ముందూ పుస్తకం చదివించానుగాని, అతనితో నేరుగా అనలేదు. గట్టు మీద నిలబడి మొదలుపెట్టాను: "అప్పుడు నేను చేసిన పని వల్ల నీ బావి..."

అతను తలెత్తలేదు. నీళ్లు చివరి మడి అంచుకు చేరుతున్నాయి.

"గదంతా తర్వాత జెప్పు సారూ. జర ఉర్కి ఆ మోటరు బంద్ చెయ్యి, కట్ట తెగుతది!"

చెప్పులు అక్కడే వదిలేసి, బురదలో పరిగెత్తి మోటరు ఆపాను.